ముప్పై ఏడు

ఎల్డొరెట్‌లో ఆ ఏడు
వానల కన్నా కరెంటు కోతలే దండిగా కురిశాయి.
మొత్తం ల్యాబుకు ఇంక్యుబేటర్ ఒక్కటే.
తలుపు రబ్బరు ఊడిపోతే
సైకిల్ ట్యూబు కోసి అంటించాడు అటెండరు బర్మసాయ్.
అది కాస్త మూలిగితే చాలు
ముప్పై ఇద్దరం ఒక్కసారే తలలెత్తేవాళ్ళం,
పురిటిగది బయట మగాళ్ళలాగా.

నాది మైక్రోబయాలజీ.
వేలిగోళ్ళ నిండా ఊదారంగు,
క్యాంటీన్‌లో ఉగాలీకి చెంచా అడిగితే నవ్వేవాళ్ళు.
జెరోతిచ్‌ది ఫిజియాలజీ.
కప్ప కాలి కండకు కరెంటు తగిలించి
మసి పూసిన కాగితం మీద కొండలు గీయించేది.
"నీవి కంటికి ఆనవు నసిమియూ,
నావి చెప్పిన మాట వినవు" అనేది.

పరీక్షకు నేను ఎంచుకున్నవి
వాళ్ళమ్మ సొరబుర్రలో పులిసిన పాలలోవి.
కాల్చిన కొమ్మతో బుర్ర లోపలంతా మసి పూసి,
పాలు పోసి, మూత బిగించి,
ఇక ఆ సంగతి మర్చిపోతుందట ఆవిడ.
మర్చిపోవడమే పద్ధతి.
మా పుస్తకంలో దానికి పదకొండు మెట్లున్నాయి.

రాత్రి తొమ్మిదికి దీపాలు పోయాయి.
కొండ మీది ఊరు, చలి తలుపులు అడగదు.
ఇంక్యుబేటర్ ముల్లు ముప్పై నాలుగు, ముప్పై ఒకటి...
"ఎంత కావాలి నీ వాటికి?" అంది జెరోతిచ్.
ముప్పై ఏడు.
"మరి ఇంత సేపూ ఏడుస్తావేం?
మనమిద్దరం ఉన్నాం కదా" అని
పళ్ళేలకు టేపు చుట్టి
నాలుగు తన పొట్టకు, నాలుగు నా పొట్టకు
లేసో గుడ్డతో బిగించి కట్టింది.
కడుపులో పెట్టుకుని సాకడమంటే
అంతవరకూ మాటవరసే నాకు.
పక్కకు తిరగకుండా, దగ్గకుండా,
గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాం.
పాలకు తోడు వేసినట్టే
మాకూ ఎవరో తోడు వేశారు ఆ రాత్రి.

పొద్దున చూస్తే
నా పళ్ళేలలో అక్కడక్కడా చుక్కలు,
ఆమెవాటిలో ఆకాశమంతా.
పరుగెత్తే ఒళ్ళు, వేడెక్కువ అని గొప్పలు పోయింది.
వంజాలా సార్ నా రికార్డు మీద
"ఉష్ణోగ్రత ఎలా నిలిపారు?" అని ఎర్ర సిరాతో అడిగారు.
ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

పట్టాలిచ్చిన రోజు
అందరూ తలా ఒక గౌను అద్దెకు తెచ్చుకున్నాం.
మందుల కంపెనీ పెట్టె మోస్తూ
డాక్టర్ల వరండాల్లో నిలబడుతున్నాడు ముసుంగు.
అడ్హియంబో కిసుములో
ఎగుమతి చేపల చల్లగదిలో దూది పుల్లలు ఆడిస్తుంది.
అందరికన్నా ఎక్కువ మార్కుల ముతాయ్
ఫోన్ డబ్బుల కొట్టు పెట్టాడు;
నోట్ల మీద ఏమేం పాకుతాయో తెలిసి కూడా
వేలు తడిచేసుకునే లెక్కపెడతాడు.
నాకు పద్నాలుగు నెలలు ఏ ఉత్తరమూ రాలేదు.

ఇప్పుడు పాల కర్మాగారంలో రాత్రి డ్యూటీ.
నాలుగింటికి ట్యాంకర్లు వస్తాయి.
చుక్క తీసి, రంగు వేసి, పులుపు కొలిచి
సరే అనాలి, కాదనాలి.
మొన్న మొయిబెన్ నుంచి ఒక ముసలాయన
సైకిల్ మీద రెండు క్యాన్లు తెచ్చాడు.
కాదన్నాను.
"ఏం చూశావమ్మా అందులో?" అన్నాడు.
చెప్పాను. చాలా సేపు చెప్పాను.
విన్నాడు, గేటు పక్కన వంపేశాడు.
కుక్క వచ్చింది. దానికి ఏ అభ్యంతరమూ లేదు.

జెరోతిచ్ ఇటెన్‌లో ఉంటుంది.
తెల్లవారకముందే ఎర్రమట్టి బాట మీద
పరుగు పిల్లలను ఆపి
చెవి తమ్మె మీద సూది గుచ్చి
ఒక్క చుక్క నెత్తురు తీస్తుంది.
నేను పాలలో వెతికే ఆమ్లమే
ఆమె వాళ్ళ నెత్తుట్లో వెతుకుతుంది.
ఎక్కడ కాలు బరువెక్కుతుందో,
ఎక్కడ పాలు విరుగుతాయో,
ఆ గీత దగ్గరే ఇద్దరికీ జీతం.

షిఫ్టు దిగేవేళ ఫోన్ మోగుతుంది.
బాగున్నావా అని అడగదు.
"నాలుగు పాయింట్ ఒకటి" అని పంపుతుంది.
బస్సులో కిటికీ పక్క సీటు దొరికాక
నేను నా అంకె పంపుతాను:
సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది.
ముసలాయనవి.